మందు వచ్చాక కూడా యాభై ఏళ్లు: నాగాషిమా దీవి కథ

అందరికీ నమస్కారం.

ఏటా జనవరి 30 వస్తే కుష్ఠు మీద ఒక సభ పెడతాం, ప్రతిజ్ఞ చేస్తాం, టీ తాగి ఇళ్లకు వెళ్తాం. ఈసారి ప్రతిజ్ఞకు ముందు ఒక దీవి కథ చెబుతాను. నర్సింగ్ చదివే మీకు ఇది పరీక్షలో రాదు, అయినా వినండి.

జపాన్‌లో ఒకయామా తీరానికి ఆనుకుని నాగాషిమా అని చిన్న దీవి ఉంది. ఇరుకైన చోట అవతలి ఒడ్డు నుంచి కేకేస్తే వినిపిస్తుంది, అంత దగ్గర. 1930లో అక్కడ ఐసేయెన్ అనే కుష్ఠు శానిటోరియం కట్టారు. జపాన్‌లో మొదటి జాతీయ శానిటోరియం అదే. మరుసటి ఏడాది మార్చిలో డైరెక్టరు కెన్సుకే మిత్సుదా టోక్యో నుంచి 81 మంది రోగులను వెంటబెట్టుకొచ్చారు. అదే 1931లో, రోగులను వేరుగా ఉంచే చట్టాన్ని బిగించారు. అంతవరకూ దిక్కులేనివాళ్లనే పట్టుకెళ్లేవారు. ఇక ఇంట్లో ఉండి వైద్యం చేయించుకునేవాళ్లకూ మినహాయింపు లేకుండా పోయింది. మా జిల్లాలో ఒక్క రోగి కూడా లేడనిపించుకోవాలని జిల్లాలు పోటీపడ్డాయి. ఇరుగుపొరుగువాళ్లే వెళ్లి అధికారులకు చెప్పేవారు. మనిషిని తీసుకెళ్లాక ఇంటికి తెల్లగా క్రిమిసంహారక మందు కొట్టేవారు, ఊరంతా చూస్తుండగా. ఇక ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం ఎవరు తెస్తారు?

దీవిలో సిబ్బందికి ఒక రేవు, రోగులకు వేరే రేవు. రోగి దిగగానే సామాను సోదా చేసేవారు. బట్టలు విప్పించి, క్రెసాల్ అనే క్రిమిసంహారిణి కలిపిన నీళ్ల తొట్టెలో ముంచేవారు. ఆ తొట్టె ఇప్పటికీ ఉంది. చేతిలో డబ్బుంటే తీసేసుకుని, దీవిలో మాత్రమే చెల్లే డబ్బు ఇచ్చేవారు. పారిపోదామన్నా పడవవాడికి ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఇంటివాళ్లకు మాట రాకూడదని చాలామంది పేరు మార్చుకునేవారు. పోయాక కూడా అస్థికలు తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. మూడు వేలమందికి పైగా అస్థికలు దీవి మీదే ఉన్నాయి.

పేరుకు ఆసుపత్రే గానీ చాకిరీ అంతా రోగులదే. పొలం పని, కట్టడాల పని, మంచం పట్టినవాళ్లకు సేవ, ఆఖరికి చనిపోయినవాళ్ల దహనం కూడా. ఈ జబ్బుతో స్పర్శ పోయిన చేత్తో పార పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. బొబ్బ లేచిందని తెలియదు, పుండు పడుతుంది, ఎముకకు పాకుతుంది. పెళ్లి చేసుకోవచ్చు, కానీ ముందు మగవాడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఎదురు తిరిగినవాళ్లకు దీవిలోనే జైలు గది. కోర్టు అక్కర్లేదు, డైరెక్టరు సంతకం చాలు. 1936లో రోగులు పని మానేసి సమ్మె చేశారు. పట్టాల్సినవాళ్ల కన్నా చాలా ఎక్కువమందిని కుక్కారనీ, తమకో సంఘం ఉండనివ్వాలనీ అడిగారు.

మిత్సుదా గురించి ఒక మాట. ఆయన్ను రాక్షసుడనుకుంటే మనకు సుఖం. జీవితమంతా కుష్ఠు రోగుల మధ్యే గడిపిన డాక్టరాయన, తండ్రిలా చూశాడని చెప్పిన రోగులూ ఉన్నారు. 1951లో దేశం ఆయనకు గొప్ప పురస్కారం ఇచ్చింది. అదే ఏడాది పార్లమెంటు ముందు నిలబడి, రానివాళ్లను సంకెళ్లు వేసైనా తీసుకురావాలన్న ధోరణిలో మాట్లాడారు. నాకు ఎక్కువ భయం ఇలాంటి మంచివాళ్లతోనే.

ఎందుకంటే అప్పటికే మందు వచ్చేసింది. 1941లో అమెరికాలో ప్రోమిన్ అనే మందు పనిచేస్తుందని తేలింది. యుద్ధం అయ్యాక జపాన్‌లోనూ తయారైంది. జబ్బు నయమవుతోంది. అయినా 1953లో కొత్త చట్టం మళ్లీ వేరుగా ఉంచమనే చెప్పింది. రోగులు పార్లమెంటు ముందు బైఠాయించినా వినలేదు. ఆ గొడవల తర్వాతే 1955లో దీవిలో హైస్కూలు పెట్టారు. పిల్లలు స్టాఫ్‌రూములోకి వెళ్లకూడదు, టీచరు కావాలంటే బెల్లు కొట్టాలి. 1987లో మూసేసేదాకా మూడు వందలమందికి పైగా అక్కడ చదివి బయటికొచ్చారు.

కొయిచీ కొండో అని ఒకాయన. చూపు పోయింది, వేళ్లకు స్పర్శ లేదు. మరి బ్రెయిలీ ఎలా? నాలుకతో చదవడం నేర్చుకున్నాడు, నాలుక చిట్లి రక్తం వచ్చేదాకా. 1953లో తనలాంటివాళ్లను పోగేసి బ్యాండు పెట్టాడు. వేళ్లు పనిచేయకపోయినా పెదాలతో వాయించవచ్చని హార్మోనికా ఎంచుకున్నారు. స్వరాలు కూడా బ్రెయిలీలోనే, నాలుకతోనే. నరాలు దెబ్బతింటే ఏమేం పోతాయో మీ పుస్తకంలో ఉంటుంది. ఏం మిగులుతుందో ఈయన దగ్గర నేర్చుకోవాలి.

ఆ ఇరుకు నీటిపాయ మీద వంతెన కోసం రోగుల సంఘం ఏళ్లతరబడి పోరాడింది, 1988లో వచ్చింది. చట్టం రద్దయింది 1996లో. అప్పటికి అందరూ ముసలివాళ్లు. ఇంటికి వెళ్లండంటే ఎవరింటికి వెళ్తారు? చాలామంది అక్కడే ఉండిపోయారు. 1998లో శానిటోరియంల రోగులు 13 మంది కుమామోతో నగర కోర్టుకెక్కారు. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని 2001 మే 11న తీర్పు వచ్చింది, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. అయినా 2003లో అదే కుమామోతోలో ఒక హోటల్ కుష్ఠు నయమైనవాళ్లకు గదులివ్వనంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915 నాటికే ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, నర్సాగౌడ్ గారి విరాళంతో కుష్ఠు ఆసుపత్రి నడిపింది. అది మన గర్వం, సరే. కానీ కుష్ఠు రోగులను వేరుగా ఉంచే 1898 నాటి లెపర్స్ యాక్ట్‌ను మనం పుస్తకాల్లోంచి తీసేసింది 2016లో, జపాన్ కన్నా ఇరవై ఏళ్లు వెనక.

2019 జూన్‌లో అదే కుమామోతో కోర్టు, రోగుల పిల్లలకూ తోబుట్టువులకూ పరిహారం ఇవ్వాలంది. వివక్ష వాళ్లూ అనుభవించారు కదా. అదే ఏడాది మన పార్లమెంటు, కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు అడిగే వీలును తొలగించింది. ఈ సంగతి రేపు పీహెచ్‌సీలో మీ దగ్గరికొచ్చే భార్యాభర్తలకు తెలియకపోవచ్చు. ఎండీటీ (కుష్ఠుకు ఇచ్చే కలగలుపు మందుల) ప్యాకెట్ చేతికిచ్చేటప్పుడే చెప్పండి: ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది, మందు ఉచితం, ఈ జబ్బు పేరు చెప్పి విడాకులు అడగడానికి చట్టం ఒప్పుకోదు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. వెనక బెంచీలతో మొదలుపెడదాం.