ముందు చేత్తో గీయనిద్దాం

శ్రోతలకు నమస్కారం. నేను పిల్లలకు భూగోళం పాఠాలు చెబుతాను. కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఉండే మ్యాప్‌లతో పాఠం చెప్పడం గురించి ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

మ్యాప్ తెరిచే ముందు నేను పిల్లలకు తలా ఒక తెల్లకాగితం ఇస్తాను. ఇంటి నుంచి బడికి వచ్చే దారి గుర్తున్నంత వరకు గీయమంటాను. ఒకసారి బస్సులో వచ్చే అబ్బాయి రెండు చుక్కలు పెట్టి, మధ్యలో ఒక గీత గీసి ఇచ్చేశాడు. నడిచొచ్చే అమ్మాయి కాగితం మాత్రం నిండిపోయింది. వంపు తిరిగిన చెట్టు, వానొస్తే నీళ్లు నిలిచే గుంట, కుక్క పడుకునే అరుగు, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాతే ఉపగ్రహ చిత్రం చూపించాను. పిల్లలు తమ కాగితాన్ని, తెరను మార్చి మార్చి చూసుకున్నారు. "టీచర్, నా గుంట ఇందులో లేదేంటి?" అని అడిగిందా అమ్మాయి. మ్యాప్‌లో ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో ఎవరో ఒకరు నిర్ణయిస్తారన్న సంగతి ఆ ప్రశ్నతోనే తరగతికి అర్థమైంది. నేను గంటసేపు చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు.

ప్రపంచపటాన్నీ అలాగే ప్రశ్నించవచ్చు. మనం ఎక్కువగా చూసే పటం పద్ధతిని 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు రూపొందించాడు. దిక్సూచి చూపే ఒకే దిశలో సాగే ప్రయాణం అందులో తిన్నని గీతగా కనిపిస్తుంది కాబట్టి నావికులకు బాగా పనికొచ్చింది. కానీ ధ్రువాల వైపు పోయేకొద్దీ భూభాగాలు సాగిపోయి కనిపిస్తాయి. ఆ పటంలో గ్రీన్‌ల్యాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. నిజానికి ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది. ఇది నోటితో చెబితే పిల్లలు తలూపి ఊరుకుంటారు. ఉపగ్రహ చిత్రాలతో భూమిని గ్లోబులా చూపే గూగుల్ ఎర్త్‌లో గ్లోబును వేలితో తిప్పి, కొలిచే సాధనంతో రెండింటి వైశాల్యం వాళ్లనే లెక్కకట్టమంటే, "మరి ఇన్నాళ్లూ గోడ మీద పటం అలా ఎందుకుంది?" అని మనల్నే నిలదీస్తారు.

అదే గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ అనే సదుపాయం ఉంది. 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలను ఏడాది వెంట ఏడాదిగా చూపిస్తుంది. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల మధ్య ఉన్న ఆరల్ సముద్రం మన కళ్లముందే ఎండిపోతూ కనిపిస్తుంది. పత్తి సాగు కోసం రెండు నదుల నీళ్లు మళ్లించడం వల్ల జరిగిన నష్టం అది. దాన్ని చూశాక తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని వెంటనే ప్రశ్నలతో చెదరగొట్టకండి అని తోటి టీచర్లను ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇంటర్నెట్ సరిగా లేని బడులు చాలా ఉన్నాయి. నా పాఠం కూడా ఒకసారి మధ్యలో ఆగిపోయింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, పిల్లలేమో అల్లరి మొదలుపెట్టారు, నాకు ఒకటే టెన్షన్. అప్పటి నుంచి కావాల్సిన చిత్రాలు ముందురోజే దించి పెట్టుకుంటున్నాను. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. నలుగురూ చూసే మ్యాప్‌లో పిల్లల ఇళ్లు గుర్తించనివ్వకండి. ఇంటిదారి గీసిన కాగితాలు వాళ్ల నోటుపుస్తకాల్లోనే ఉండాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ను ఎవరైనా సరిదిద్దవచ్చు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో ఉపగ్రహ చిత్రాలు చూసి, అక్కడి వీధులు గీసి, సహాయక బృందాలకు అందించింది ఇందులోనే.

ఒకరోజు మా పిల్లల్ని బడి చుట్టుపక్కల నడిపించాను. చేతిలో ఒక ఫోన్, ఒక నోటుపుస్తకం. కర్రల ఊతంతో నడిచే ఒక అమ్మాయి ఒకచోట ఆగింది. "టీచర్, మ్యాప్ ఇదే దగ్గరిదారి అంటోంది. కానీ ఇక్కడ మెట్లున్నాయి. నేను రోజూ చుట్టూ తిరిగి వస్తాను" అంది. మిగతా పిల్లలు రోజూ ఎక్కిదిగే మెట్లే అవి. వాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

తరగతికి తిరిగొచ్చాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నా ఖాతా తెరిచి, ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ దారి ముక్కను మెట్లుగా మార్చాం. ఎన్ని మెట్లో రాయడానికి అందులో ఒక గడి ఉంటుంది. వెనక నుంచి ఎవరో "పది" అన్నారు. "కాదు, పదకొండు" అని, తనే 11 అని టైప్ చేసింది.