తాళంచెవి పోయింది, ఎప్పుడు?

శ్రోతలందరికీ నమస్కారం.

చాలా ఏళ్ళ కిందటి మాట. ఆఫీసు పని మీద మొదటిసారి విదేశం వెళ్ళి ఒక చిన్న హోటల్లో దిగాను. సాయంత్రం అలా తిరిగొచ్చి, గది ముందు నిలబడి జేబులు తడుముకుంటే తాళంచెవి లేదు. గబగబా కిందికి వచ్చాను. కౌంటర్ దగ్గరున్నావిడ తల వంచుకుని ఏదో రిజిస్టర్ రాసుకుంటోంది. "ఐ లాస్ట్ మై కీ" అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, "అయ్యో, ఎప్పుడు? మళ్ళీ దొరికిందా?" అని ఇంగ్లీషులో తాపీగా అడిగింది. దొరికితే నేనెందుకు ఇలా పరిగెత్తుకొస్తాను? అదే వాక్యం రెండోసారి కాస్త గట్టిగా చెప్పాను. అప్పుడు తలెత్తి, నా వాలకం చూసి, "ఓ! యూ హ్యావ్ లాస్ట్ యువర్ కీ!" అంటూ లేచి మారు తాళం తీసింది.

తేడా అంతా ఆ "హ్యావ్" దగ్గరే ఉంది. నేను అన్న మాట ఆవిడకు ఎప్పుడో జరిగిపోయిన కథలా వినపడింది. ఆవిడ సరిచేసి అన్న మాటలో ఇప్పటి కష్టం ఉంది: తాళంచెవి పోయింది, ఇప్పటికీ చేతిలో లేదు. తెలుగులో పోయినేడాది పోయినా, ఈ నిమిషంలో పోయినా "పోయింది" అనే అంటాం. ఎదుటివాళ్ళు సందర్భం చూసి అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషు మాత్రం ఆ సందర్భాన్ని క్రియలోనే చెప్పమంటుంది. దాని పేరే ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్.

మనలో చాలామంది బడిలో దీన్ని ఒకే ఒక్క సూత్రంతో నేర్చుకున్నాం. "ఇప్పుడిప్పుడే పూర్తయిన పనిని తెలిపేది ప్రెజెంట్ పర్ఫెక్ట్." ఇది పూర్తిగా తప్పని అనను గానీ, మన తిప్పలన్నీ మొదలైంది ఇక్కడే అంటాను. ఎందుకంటే పని జరిగి ఎంతసేపయిందన్న లెక్కతో ఈ టెన్స్‌కు దాదాపు సంబంధం లేదు. ఒకాయన నిమిషం క్రితం బయటికి వెళ్ళాడనుకోండి. "హి లెఫ్ట్ ఎ మినిట్ అగో" అనాలి. నిమిషమే కదా అయింది, ఇంతకంటే "ఇప్పుడిప్పుడే" ఏముంటుంది? అయినా అక్కడ "హ్యాజ్" పనికిరాదు. అదే డైనోసార్లు అంతరించి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళయింది. "డైనోసార్స్ హ్యావ్ డిసప్పియర్డ్" అంటే ఎవరూ తప్పు పట్టరు. వాక్యంలో కాలం చెప్పకుండా, "ఇప్పుడు అవి లేవు" అన్నదే చెబుతున్నాం కాబట్టి.

అసలు ఆ పేరునే ఒకసారి విప్పి చూడండి. ఇక్కడ పర్ఫెక్ట్ అంటే లోపం లేనిది అని కాదు. లాటిన్ నుంచి వచ్చిన ఆ మాటకు పూర్తయినది అని అర్థం. ప్రెజెంట్ అంటే వర్తమానం. పని పూర్తయింది, కానీ మాట్లాడేవాడు నిలబడి ఉన్నది వర్తమానంలో. అక్కడి నుంచే వెనక్కి చూస్తున్నాడు. అందుకే నన్నడిగితే దీన్ని భూతకాలంలో కలపకూడదు, వర్తమానంలోనే ఒక రకంగా చూడాలి. అలా చూస్తే సగం గందరగోళం పోతుంది. "నిన్న", "పోయిన వారం", "2015లో" లాంటి మాటలు దీని పక్కన ఎందుకు ఇమడవో కూడా తెలుస్తుంది. అవి తలుపు వేసేసిన కాలాలు. "ఐ హ్యావ్ సెంట్ ద మెయిల్ యెస్టర్డే" అని ఆఫీసుల్లో రోజూ ఎన్ని మెయిళ్ళు వెళుతుంటాయో! హ్యావ్ పెడితే వాక్యానికి కాస్త బరువు, మర్యాద వస్తాయని మనకో నమ్మకం. నిన్న అని చెప్పాక మెయిల్ పంపడం నిన్నటి పనే. "ఐ సెంట్ ద మెయిల్ యెస్టర్డే" అంటే చాలు, అందులో అమర్యాద ఏమీ లేదు.

చంద్రుడి సంగతి తీసుకుందాం. ఆర్మ్‌స్ట్రాంగ్ 1969లో చంద్రుడి మీద నడిచాడు. సంవత్సరం చెప్పాం కాబట్టి "ఆర్మ్‌స్ట్రాంగ్ వాక్డ్ ఆన్ ద మూన్ ఇన్ 1969". ఇంకో రకంగా చెప్పి చూడండి. ఇంతవరకు చంద్రుడి మీద 12 మంది నడిచారు. "ట్వెల్వ్ పీపుల్ హ్యావ్ వాక్డ్ ఆన్ ద మూన్." ఆ 12 మందీ నడిచింది 1969కి, 1972కి మధ్యే. అంత పాత ముచ్చటకు హ్యావ్ ఎందుకొచ్చింది? లెక్క ఇంకా మూసెయ్యలేదు కాబట్టి. రేపు పదమూడో మనిషి వెళ్ళొచ్చు. అంగారకుడి మీద ఇంతవరకు ఎవరూ కాలు పెట్టలేదు, "నోబడీ హ్యాజ్ వాక్డ్ ఆన్ మార్స్". అక్కడా లెక్క తెరిచే ఉంది, కాకపోతే సున్నా దగ్గర ఉంది.

మరి షేక్‌స్పియర్ ఎన్నో నాటకాలు రాశాడు అనాలంటే? ఆయన 1616లో పోయాడు. ఆయన రాయడం అనే లెక్క ఆ రోజే ముగిసింది. అందుకని "షేక్‌స్పియర్ రోట్". హ్యాజ్ రిటెన్ అంటే ఆయన ఇంకా ఎక్కడో కూర్చుని తర్వాతి నాటకం రాస్తున్నట్టుంటుంది. అయితే ఆయన ఎంతోమంది రచయితల్ని ప్రభావితం చేశాడు అనేటప్పుడు "హ్యాజ్ ఇన్‌ఫ్లుయెన్స్డ్" అనొచ్చు. మనిషి లేడు గానీ ప్రభావం ఉంది కదా.

రేడియోలో మాట్లాడుతూ వార్తల గురించి చెప్పకపోతే ఎలా? వీలైతే ఇంగ్లీషు వార్తలు ఒకసారి చెవి పెట్టి వినండి. మంత్రి రాజీనామా చేశారనుకోండి. మొదటి వాక్యం చాలాసార్లు "ద మినిస్టర్ హ్యాజ్ రిజైన్డ్" అని వస్తుంది. ఇదీ ఇప్పటి పరిస్థితి, ఆ కుర్చీ ఖాళీ అని. రెండో వాక్యం నుంచి వివరాలు మొదలవుతాయి: రాత్రి ఉత్తరం ఇచ్చారు, విలేకరులతో మాట్లాడారు. అక్కడి నుంచి హ్యాజ్ మాయం, అంతా మామూలు సింపుల్ పాస్ట్. హ్యాజ్ తలుపు తీసి "ఇదుగో విషయం" అని చెప్పి తప్పుకుంటుంది, కథ నడిపించేది సింపుల్ పాస్ట్. నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఎక్కని సంగతి, నెల రోజులు వార్తలు వింటే ఎక్కింది. మనం ఇంట్లో చెప్పుకునే కబుర్లూ ఇలాగే ఉంటాయి చూడండి. "అక్కకు ఉద్యోగం వచ్చిందట!" అని ముందు, "ఎప్పుడు, ఎలా" అన్నది తర్వాత.

అయితే ఈ ఊహ తెలుగుకు బొత్తిగా తెలియనిదని అనుకోకండి. క్రియకు ప్రత్యేకంగా ఒక రూపం లేదు గానీ, మనకు వేరే దారులున్నాయి. పొద్దున లేచి తలుపు తీస్తే నేలంతా తడిగా ఉంది. "రాత్రి వాన పడింది" అని తెలిసినవాడిలా చెప్పం, "వాన పడినట్టుంది" అంటాం. పడడం అయిపోయింది, "ఉంది" మాత్రం ఇప్పటిది. "ఇట్ హ్యాజ్ రెయిన్డ్" చెప్పేది దాదాపు అదే. "తలుపు తీసి ఉంది", "పేరు రాసి ఉంది" అనేటప్పుడు కూడా జరిగిపోయిన పనికి ఇప్పటి "ఉంది"ని తగిలిస్తున్నాం.

ఇంగ్లీషులో హ్యావ్ వచ్చిన దారి కూడా దీనికి దగ్గరే. హ్యావ్ అంటే కలిగి ఉండడం కదా. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో "ఉత్తరం రాశాను" అన్న అర్థంలో, మాటకు మాట చెప్పాలంటే, "రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది" అనే తరహా వాక్యం ఉండేది. మన "ఉత్తరం రాసి ఉంచాను" లాంటిదే అనుకోండి. రానురాను దగ్గర ఉండడమనే అర్థం అరిగిపోయి, హ్యావ్ ఉత్త సహాయక్రియగా మిగిలింది. అప్పట్లో రావడం, వెళ్ళడం, అవడం లాంటి క్రియలకు హ్యావ్ బదులు "ఈజ్", "యామ్" వాడేవాళ్ళు. అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన ఓపెన్‌హైమర్ 1965లో టీవీలో గీతలోని మాటను తలుచుకుంటూ "ఐ యామ్ బికమ్ డెత్" అన్నాడు. అది వ్యాకరణం తప్పేమోనని చాలామందికి అనుమానం. తప్పు కాదు, పాత పద్ధతి ప్రెజెంట్ పర్ఫెక్ట్. ఇప్పుడైతే "ఐ హ్యావ్ బికమ్" అనాలి.

వెళ్ళడం అంటే గుర్తొచ్చింది. "హి హ్యాజ్ గాన్ టు లండన్" అంటే లండన్ వెళ్ళాడు, ఇక్కడ లేడు. "హి హ్యాజ్ బీన్ టు లండన్" అంటే లండన్ వెళ్ళొచ్చాడు. చూశారా, "వెళ్ళొచ్చాడు" అన్న చక్కని మాట మనకు ఎప్పటి నుంచో ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడే మర్చిపోయి అన్నిటికీ గాన్ అనేస్తాం. "ఐ హ్యావ్ గాన్ టు లండన్ ట్వైస్" అని ఎదురుగా కూర్చుని చెబితే, మరి మీరిక్కడ ఎలా ఉన్నారు స్వామీ అని అడగాలనిపిస్తుంది.

మనకు అన్నిటికంటే గట్టి చిక్కు "నుంచి" దగ్గర. "ఐదేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అంటాం. తెలుగులో క్రియ వర్తమానం, అందులో లోపమేమీ లేదు. దాన్నే ఇంగ్లీషులో "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని దించేస్తాం. ఇందులో రెండు జారుళ్ళున్నాయి. మొదటిది, అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి ఇంగ్లీషు "హ్యావ్ బీన్ వర్కింగ్" కోరుతుంది. రెండోది, మన "నుంచి" రెండు పనులు చేస్తుంది. "సోమవారం నుంచి" అన్నప్పుడు అది మొదలైన చోటు, దానికి సిన్స్. "ఐదేళ్ళ నుంచి" అన్నప్పుడు అది పొడవు, దానికి ఫర్. నేనొక చిన్న కిటుకు వాడతాను. తెలుగులో "ఐదేళ్ళుగా" అని మార్చగలిగితే అక్కడ ఫర్. "సోమవారంగా" అనలేం, కాబట్టి అక్కడ సిన్స్. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్." ఇంటర్వ్యూలో టెన్షన్ పడేటప్పుడు ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చి ఉన్నా చాలా మేలు.

"రాలేదు" సంగతీ ఇలాంటిదే. "నిన్న రాలేదు" అంటే "డిడ్ నాట్ కమ్". "ఇంకా రాలేదు" అంటే "హ్యాజ్ నాట్ కమ్". ఆ "ఇంకా" వినపడగానే హ్యాజ్ వైపు తిరగండి. "ఇంకా" అంటేనే ఎదురుచూస్తున్నాం అని కదా.

"దిస్ మార్నింగ్" అయితే ఇంకా విచిత్రం. పొద్దున పదింటికి "హ్యావ్ యూ సీన్ హిమ్ దిస్ మార్నింగ్" అని అడగొచ్చు. అదే సాయంత్రం నాలుగింటికి అడిగితే "డిడ్ యూ సీ హిమ్ దిస్ మార్నింగ్" అవుతుంది. అదే మనిషి, అదే పొద్దున. మధ్యాహ్నం దాటేసరికి ఆ పొద్దున్నకు తలుపు పడిపోయింది.

ఇదంతా విని బెంబేలు పడకండి. అమెరికా వాళ్ళు మాటల్లో చాలాచోట్ల హ్యావ్ వదిలేసి సింపుల్ పాస్ట్‌తో సరిపెట్టుకుంటారు. నా "ఐ లాస్ట్ మై కీ" అక్కడైతే చెల్లిపోయేది. ఫ్రెంచి, జర్మన్ మాట్లాడేవాళ్ళకూ ఇక్కడ కాలు జారుతుంది. వాళ్ళ భాషల్లో హ్యావ్ లాంటి క్రియతో చేసిన రూపం పక్కన "నిన్న" హాయిగా కూర్చుంటుంది, దాన్నే ఇంగ్లీషులోకి మోసుకొస్తారు. పైగా ఇంగ్లీషువాళ్ళ నోట్లో హ్యావ్ పూర్తిగా పలకదు కూడా. "ఐవ్ లాస్ట్" అన్నప్పుడు ఆ "వ్" పెదాల దగ్గరే ఆగిపోతుంది. "షీజ్ గాన్"లో వినపడేది ఈజ్ కాదు, హ్యాజ్. మన చెవికి అందనిది మన నోటికి ఎలా వస్తుంది? అందుకే చదవడం కంటే వినడం మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇంతకీ నా తాళంచెవి దొరికింది. మర్నాడు పొద్దున కౌంటర్ దగ్గరికి వెళ్ళి, రాత్రంతా మనసులో వల్లె వేసుకున్న వాక్యాన్ని దర్జాగా అప్పజెప్పాను: "ఐ హ్యావ్ ఫౌండ్ మై కీ." ఆవిడ ఈసారి తలెత్తింది, నవ్వింది. ఎక్కడ దొరికిందని అడిగింది. మొదటి వార్త అయిపోయింది, ఇక వివరాలు. హ్యావ్‌ను అక్కడే వదిలేసి, "ఇట్ వాజ్ ఇన్ మై షూ" అన్నాను.

నమస్కారం.