బైక్ ప్లగ్‌కి టార్క్ రెంచ్ కొనాలా? రెండు రెంచులు, ఒక టూల్ కిట్ పానా

నమస్తే అండి. ఈరోజు టేబుల్ మీద మూడు సామాన్లున్నాయి. ఒకటి అరంగుళం డ్రైవ్ (అంటే సాకెట్ తగిలించే చదరపు కొన సైజు) టార్క్ రెంచ్. టార్క్ అంటే తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో కొలుస్తాం; సెట్ చేసిన బలం రాగానే ఈ రెంచ్ 'టక్' మంటుంది. దీన్ని 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా సెట్ చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి దొరికేవి ఎక్కువగా ఈ రకమే. రెండోది చిన్నది, పావు అంగుళం డ్రైవ్, 5 నుంచి 25 దాకా. మూడోది బండితోపాటు ఇచ్చే ప్లగ్ పానా. గొట్టంలా ఉంటుంది, పైన కడ్డీ అడ్డంగా దూర్చి తిప్పుతాం చూడండి, అది. స్పార్క్ ప్లగ్ బిగించడానికి వీటిలో ఏది పనికొస్తుంది, దేనికి డబ్బులు పెట్టొచ్చు, అదే ఈ వీడియో.

పెద్ద రెంచ్ సంగతి ముందే చెప్పేస్తా. ప్లగ్ కోసమైతే కొనకండి. నాణ్యత బాగోలేక కాదు, వెనక చక్రం యాక్సిల్ నట్టుకి ఇది చక్కగా పనికొస్తుంది. కానీ మన 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి ఉండేది 10 ఎంఎం త్రెడ్ (మర) ప్లగ్. అల్యూమినియం హెడ్‌లో, అంటే ప్లగ్ దిగే ఇంజిన్ పైభాగంలో, దానికి ప్లగ్‌లు తయారుచేసే ఎన్‌జీకే కంపెనీ చెప్పే టార్క్ 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. ఈ రెంచ్ మొదలయ్యేదే 28 దగ్గర! 'టక్' ఎప్పుడొస్తుందా అని మీరు లాగుతూనే ఉంటారు, ఈలోపు హెడ్‌లో త్రెడ్ ఊడి వచ్చేస్తుంది. పైగా దీని పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు. చివర పట్టుకుని మూడు కేజీల బరువు ఎత్తేంత బలం పెడితే చాలు, 12 దాటేస్తుంది. ఇంత పొడుగు పిడి చేతికిచ్చి అంత మెల్లగా లాగమంటే ఎవరి వల్లవుతుంది?

మీ ప్లగ్ ఏ సైజో తెలియకపోతే తెల్ల పింగాణీ మీద కోడ్ చదవండి. ఇదిగో, సీపీఆర్8ఈఏ-9. ఎన్‌జీకే పాత పద్ధతి కోడ్‌లలో మొదటి అక్షరం సీ అయితే 10 ఎంఎం, డీ అయితే 12, బీ అయితే 14. అల్యూమినియం హెడ్‌కి 12 ఎంఎం అయితే 15 నుంచి 20, 14 ఎంఎం అయితే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. ఎల్‌తో మొదలయ్యే కొత్త కోడ్‌లకి ఈ లెక్క పనిచేయదు. బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే మాన్యువల్ మాటే ఫైనల్.

ఇప్పుడు చిన్న రెంచ్. పిడి చివర తిప్పి 11 దగ్గర పెట్టాను. నచ్చిన విషయం, పిడి పొట్టిగా ఉంది కాబట్టి చెయ్యి అదుపులో ఉంటుంది. నచ్చనిది, ఇంత తక్కువ టార్క్ దగ్గర 'టక్' చాలా మెత్తగా వస్తుంది. పక్కన కంప్రెసర్ ఆడుతుంటే వినపడదు, చేతికి తగిలే చిన్న కుదుపుని పట్టుకోవాలి. వచ్చిందో లేదో అని ఇంకోసారి లాగారంటే ఎక్కువ బిగించినట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది. ట్యాంక్ కింద ఇరుకు చోట ఉన్న ప్లగ్‌కి సాకెట్, ఎక్స్‌టెన్షన్, రెంచ్ మూడూ కలిపి పట్టవు. డీటీఎస్-ఐ పల్సర్‌లా రెండు ప్లగ్‌లున్న బండి అయితే, ఒకదానికి సులువుగా అంది రెండోదానికి తిప్పలు పెట్టొచ్చు. దీంతో ప్లగ్ విప్పకండి, అది మామూలు రాచెట్ పని. వాడాక స్కేల్‌ని అన్నిటికంటే తక్కువ అంకెకి తిప్పి డబ్బాలో పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగ్ బలం తగ్గుతుంది.

అసలు బిగుతు దేనికో ఒకసారి దగ్గరగా చూపిస్తా. ఎడమ చేతిలో కొత్త ప్లగ్, కుడి చేతిలో బండిలోంచి తీసింది. కొత్తదాని వాషర్ చూడండి, రేకు మడత పెట్టినట్టుంది, లోపల బోలు. పాతదాంట్లో అదే వాషర్ అణిగి పల్చబడింది. ఆ అణగడమే మనకి కావాలి. ప్లగ్‌లో పుట్టే వేడి ఎక్కువగా త్రెడ్ ద్వారా, ఈ వాషర్ ద్వారానే హెడ్‌లోకి దిగుతుంది. లూజుగా వదిలేస్తే వేడి దిగదు, ప్లగ్ మాడుతుంది, కంప్రెషన్ లీకై ప్లగ్ అడుగున చుట్టూ నల్లగా మసి పడుతుంది. మరీ బిగిస్తే ప్లగ్ లోహపు భాగం సాగుతుంది, లేదా హెడ్ త్రెడ్ పోతుంది. ప్లగ్ పోతే కొత్తది వేస్తాం, హెడ్ పోతే?

కాబట్టి ఏ పానా వాడినా మొదటి పని చేత్తోనే. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. గుంత చుట్టూ దుమ్ము ఊది పాత ప్లగ్ తీయండి. కొత్త ప్లగ్ తలకి ఒక పెట్రోల్ పైపు ముక్క తొడగండి. ముందు ఎడమకి మెల్లగా తిప్పితే త్రెడ్ కలిసిన చోట ప్లగ్ చిన్నగా కిందికి దిగుతుంది, అక్కణ్నుంచి కుడికి తిప్పండి. త్రెడ్ అడ్డంగా ఎక్కితే ఈ పైపు జారిపోతుంది, బలవంతం చేయలేదు. పానాకి ఆ మర్యాద లేదు.

వాషర్ హెడ్‌కి ఆనేదాకా చేతి పనే. ఆ తర్వాతే టూల్ కిట్ పానా. కొత్త ప్లగ్ అయితే ఆనిన చోటు నుంచి సగం చుట్టు, అంటే గడియారంలో 12 నుంచి 6కి. కొన్నిటికి సగం కంటే కొంచెం ఎక్కువ, డబ్బా మీద బొమ్మ ఉంటుంది. తీసి శుభ్రం చేసి మళ్లీ వేసే పాత ప్లగ్‌కి వాషర్ ఇప్పటికే అణిగింది కదా, దానికి 12 నుంచి 1, మహా అయితే ఒకటిన్నర. చాలామంది పొరపడేది ఇక్కడే, పాతదాన్నీ సగం చుట్టు తిప్పేస్తారు. కడ్డీ మీద మార్కర్‌తో ఒక గీత పెట్టుకుంటే అనుమానం ఉండదు.

త్రెడ్‌కి గ్రీజు, యాంటీ సీజ్ (త్రెడ్ పట్టేయకుండా రాసే పేస్టు) రాయమని కొన్ని షాపుల్లో అంటారు. వద్దు. టార్క్ అంకెలన్నీ పొడి త్రెడ్‌కే. జిడ్డు ఉంటే రాపిడి తగ్గుతుంది, రెంచ్ 11 అనేసరికే అసలు బిగుతు ఎక్కువైపోతుంది. ఎన్‌జీకే కూడా వాటి అవసరం లేదనే చెబుతుంది.

నా తీర్పు సూటిగా: ఏడాదికోసారి ఒక్క ప్లగ్ మార్చేవాళ్లకి టూల్ కిట్ పానా, పైపు ముక్క చాలు. చిన్న రెంచ్ ధర ప్లగ్ ధరకి పది రెట్లు పైనే. ఇంట్లో రెండు మూడు బండ్లుండి, ఇంజిన్ ఆయిల్, ట్యాపెట్లు, కవర్ బోల్టులు కూడా మీరే చూసుకుంటే మాత్రం కొనండి, ఆ చిన్న బోల్టులకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

హెడ్‌లో త్రెడ్ ఇప్పటికే పోయినవాళ్లకి ఒక మాట. టెఫ్లాన్ టేప్ చుట్టి నెట్టుకురావద్దు, ఆ వేడికి అది ఆగదు. హెలికాయిల్ (పోయిన త్రెడ్ స్థానంలో బిగించే తీగ చుట్ట) వేసే లేత్ షాపుకి వెళ్లండి, వీలైతే హెడ్ విప్పించి వేయించండి. విప్పకుండా వేస్తామంటే ట్యాప్‌కి (కొత్త త్రెడ్ కోసే పనిముట్టు) గ్రీజు దట్టంగా పూస్తున్నారో లేదో పక్కన నిలబడి చూడండి, లేకపోతే రజను మొత్తం సిలిండర్‌లోకే పోతుంది.