ఈరోజు పది మైళ్ళే!

హాయ్ అండీ, గుడ్ మార్నింగ్. గుడ్ మార్నింగ్ అంటున్నానే గానీ తొమ్మిదిన్నర దాటింది. నిన్న ఈపాటికి చెమటలు కక్కుకుంటూ పది మైళ్ళు తొక్కేశాం. ఇవాళ ఇంకా ఒక్కరూ హెల్మెట్ కోసం వెతుక్కోలేదు. వెనకాల హోరు వినిపిస్తోంది కదా, వాన అనుకునేరు. మేం రాత్రి ఆగిన ఊరు ఒహాయోపైల్, దాని జలపాతం. రాత్రంతా ఇదే చప్పుడు. మావయ్యగారైతే లేస్తూనే, "కాలవకి లాకులు ఎత్తినట్టుందమ్మా" అన్నారు.

నిన్నటి వీడియో చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ళ సైకిల్ బాట ఇది. గ్రేట్ ఆలెగేనీ ప్యాసేజ్ అని పేరు, అందరూ గ్యాప్ అంటారు. ఒకప్పుడు రైలు నడిచిన దారి. పట్టాలు తీసేసి సున్నపురాయి పొడి పరిచారు. ముక్కా ముక్కా కలుపుకుంటూ 2013కి పూర్తిచేశారు. కార్లు రావు. రైలు ఎక్కిన దారి కాబట్టి పెద్ద ఎత్తులుండవు. కంటికి చదునుగానే ఉంటుంది, సంగతి తొడలకి తెలుస్తుంది.

మేం ఎనిమిది మందిమి, అందరం వర్జీనియాలో ఆష్‌బర్న్ వాళ్ళమే. పిట్స్‌బర్గ్ పక్కనే పెన్ హిల్స్‌లో 1976 నాటి వెంకటేశ్వరస్వామి గుడి ఉంది కదా, అక్కడ దర్శనం చేసుకుని, క్యాంటీన్ పులిహోర సంచుల్లో సర్దుకుని బయల్దేరాం. మొదటిరోజు 36 మైళ్ళు, నిన్న 42. ఇవాళ కాన్‌ఫ్లుయెన్స్ అనే ఊరిదాకా పదే పది. ఈ పది కోసం నేను వాట్సాప్ గ్రూపులో వారం రోజులు పోట్లాడాను. మాలో ఒక స్ట్రావా బావగారు ఉన్నారు (స్ట్రావా అంటే ఎంత దూరం, ఎంత వేగం తొక్కామో లెక్కపెట్టే యాప్), పేరు చెప్తే ఊరుకోరు. "నాలుగు రోజుల్లో కొట్టేయొచ్చు" అంటారు. కొట్టేయొచ్చు. కొట్టేసి, ఒకరోజు ముందే ఇంటికెళ్ళి బట్టలు ఉతుక్కోవచ్చు.

అసలు ఇవాళ్టి హీరో మా మావయ్యగారు. కెమెరా తిప్పుతున్నా, చూడండి. ఆ ప్యాంటు చివర రబ్బరు బ్యాండు వేసుకుంటున్నది ఆయనే. ఆ సైక్లింగ్ నిక్కర్లు చచ్చినా వేసుకోనన్నారు. బ్యాటరీ సైకిల్ అద్దెకి తీసుకుందామంటే, "సైకిల్‌కి కూడా ఛార్జింగా!" అని నవ్వారు. 68 ఏళ్ళు. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో పోస్ట్‌మ్యాన్‌గా కాలవ గట్ల మీద 32 ఏళ్ళు సైకిల్ తొక్కిన మనిషి. ఈ టూర్ సంగతి విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ ఎవరికి ఏం ఇవ్వాలి?" ఏమీ లేదు మావయ్యగారూ, ఊరికే వెళ్ళి రావడమే అన్నాం. కాసేపు ఆలోచించి, "సంచి లేకుండానా?" అన్నారు.

పదిన్నరకి కదిలాం. పోయే ముందు జలపాతం దగ్గర ఆగాం. 1754లో జార్జ్ వాషింగ్టన్, అప్పటికి కుర్ర సైనికాధికారి, సైన్యాన్ని నది మీద తీసుకుపోయే దారి వెతుక్కుంటూ వచ్చి ఈ జలపాతం చూసి ఆ ఆలోచన మానుకున్నాడట. నది పేరు యాకగేనీ. స్పెల్లింగ్ చూస్తే మీకూ తిక్క పుడుతుంది, చూడకండి.

ఇక్కణ్ణుంచి దారంతా నీడే. ఒకవైపు కొండ, ఒకవైపు కింద నది. జూన్ నెలాఖరు కదా, రోడోడెండ్రాన్ తెల్లటి గుత్తులు పూసి ఉన్నాయి. మైలురాళ్ళు కంబర్లాండ్ నుంచి లెక్క, అంటే మనకి అంకె తగ్గుతూ వస్తుంది. ఒహాయోపైల్ 72, కాన్‌ఫ్లుయెన్స్ 62. మావయ్యగారు ప్రతి రాయినీ పైకి చదివారు. ఒక్కటి కూడా వదల్లేదు.

ఒక గండం గడిచింది. ఇక్కడ కుడివైపు తొక్కాలి, దాటేవాళ్ళు ఎడమ నుంచి వస్తూ "ఆన్ యువర్ లెఫ్ట్" అని కేకేస్తారు. మావయ్యగారికి వెనకనుంచి లెఫ్ట్ అని వినబడగానే, పాపం, గౌరవంగా లెఫ్ట్‌కే జరిగారు! వెనకొచ్చిన పెద్దావిడ బ్రేకులు కిర్రుమన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు, నవ్వేసి వెళ్ళిపోయింది. మా ఆయన కంగారుపడి అరగంట పాటు నాన్నకి రూల్స్ చెప్పాడు. ఆయన అంతా విని, "బెల్లు కొడితే పోయేదిగా" అన్నారు.

ఊరు ఇంకో రెండు మైళ్ళు ఉందనగా పంక్చర్. ఎవరిది? స్ట్రావా బావగారిదే! మా అందరి సైకిళ్ళలోకీ ఖరీదైనది. కొత్త ట్యూబ్ తీశారు, ఐదు నిమిషాల్లో మార్చేశారు. పాత ట్యూబ్ చెత్తలో వేయబోతుంటే మావయ్యగారు చెయ్యి పట్టుకున్నారు. "ఎందుకు నాయనా పారేయడం, చిన్న చిల్లే కదా." పక్కనే రామ్‌క్యాట్ అనే చోటు, పడవలు నీళ్ళలోకి దించే రేవు. ("రాముడి పేరే పెట్టారే" అన్నారు. కాదని చెప్పబుద్ధి కాలేదు.) ట్యూబ్‌లో గాలి కొట్టించి నదిలో ముంచారు. ముంచి, వెంటనే చెయ్యి లాగేసుకున్నారు! పైన డ్యామ్ ఉంది, దాని అడుగునుంచి నీళ్ళు వదులుతారు, నడివేసవిలోనూ చల్లగా కొరుకుతాయి. మళ్ళీ ముంచితే బుడగలు వచ్చాయి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఊదుతూ కూర్చుని, అతుకు వేశారు. నలభై నిమిషాలు పట్టింది. బావగారు వాచీ ఆపేసి పక్కన గొంతుక్కూర్చుని చూశారు. ఆ వీడియో మొత్తం పెడతా, కట్ చెయ్యను.

కాన్‌ఫ్లుయెన్స్ అంటేనే సంగమం. యాకగేనీ, క్యాసిల్‌మన్, లారెల్ హిల్ వాగు, మూడూ ఇక్కడే కలుస్తాయి. టర్కీ కోడి కాలి వేళ్ళలా ఉంటుందని పాతకాలంలో టర్కీఫుట్ అన్నారు. మావయ్యగారు నీళ్ళు నెత్తిన చల్లుకుని, "త్రివేణి సంగమం సరే, గుడేదమ్మా?" అన్నారు.

గుడి లేదు గానీ పోస్టాఫీసు ఉంది. చిన్న ఊరు. దారిలో ఒక ఇంటి ముందు పోస్ట్‌బాక్స్‌కి ఎర్ర జెండా లేచి ఉంటే అదేమిటని ఆగారు. లోపల పంపాల్సిన ఉత్తరం ఉంది, పోస్ట్‌మ్యాన్ వచ్చి పట్టుకెళ్తాడు అని చెప్పాను. ఆయన ఆ జెండాని ఎంతసేపు చూశారంటే, ఇంటివాళ్ళు బయటికొస్తారేమోనని నాకు భయమేసింది. "మా కాలంలో ఇది ఉంటే ఎంత తిరుగుడు తప్పేది" అన్నారు.

నది బొమ్మ ఉన్న పోస్ట్‌కార్డు కొన్నాం, ఫారిన్ స్టాంపు గుండ్రంగా ఉంటుంది, అదీ అంటించాం. తెనాలిలో ఉన్న అత్తయ్యగారికి. వరండాలో కూర్చుని, బాల్‌పెన్నుతో, గంటసేపు రాశారు. కెమెరా దగ్గరికి పెడితే చేత్తో మూసేశారు.

"ఇంకొకరి ఉత్తరం చదవకూడదమ్మా."

"కార్డే కదా మావయ్యగారూ, దారిలో పోస్ట్‌మ్యాన్ చదవడా?"

"చదువుతాం," అన్నారు. "చదవనట్టు ఉంటాం."