పెద్ద తోటకు బ్లోయరు: స్పీడు కాదు, తోసే బలం చూడండి

శ్రోతలకు నమస్కారం.

మార్చి నెలకల్లా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్క రాలడం మొదలవుతుంది. ఆ లోగానే జీడిచెట్ల కింద నేల కనబడాలి. లేకపోతే రాలిన పిక్క ఎండుటాకులో కలిసిపోయి ఏరేవాళ్ల కంటికి ఆనదు. ఇదివరకు ఇంటిల్లిపాదీ చీపుళ్లు పట్టుకుని తోటలోకి దిగేవారు. ఇప్పుడు పిల్లలు విశాఖలోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉన్నారు. కూలికి రమ్మన్నా మనిషి దొరకడం కష్టమే. విజయనగరం వైపు మామిడితోటలవాళ్లది ఇదే గోడు. కాలేజీ ఆవరణలు, కల్యాణ మండపాలు, భోగాపురం వైపు సరుగుడు తోటల మధ్య కట్టిన గెస్ట్‌హౌసులు చూసుకునేవాళ్లూ ఇదే మాట అంటున్నారు. అందుకే ఆకులు ఊదే మిషన్ కోసం, అందులోనూ వీపుకు తగిలించుకునే పెద్ద బ్లోయరు కోసం అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. యంత్రాల మరమ్మతు నా వృత్తి. మిషన్ కొన్నాక బాగుచేయించుకోడానికి వచ్చేవాళ్లకు చెప్పే మాటలు కొనకముందే చెబితే మంచిదనిపించి ఇలా రేడియోలో కూర్చున్నాను.

ఇంటి ముందు వాకిలి, పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు ఉన్నవాళ్లకు ఈ మిషన్ అక్కర్లేదు. ఈనెల చీపురు చాలు. అర ఎకరం దాకా చేత్తో పట్టుకునే చిన్న బ్లోయరుతో నెట్టుకురావచ్చు. రెండు మూడు ఎకరాలు దాటితేనే వీపు మిషన్ సంగతి ఆలోచించాలి. చేతి మిషన్ తేలికే గానీ, ఆ నాలుగైదు కిలోలూ ఒక్క చేతిమీదే ఉంటాయి. గంట గడిచేసరికి మణికట్టు లాగేస్తుంది. వీపు మిషన్ పెట్రోలుతో కలిపి పది నుంచి పదమూడు కిలోల దాకా తూగినా ఆ బరువు నడుముకూ భుజాలకూ పంచుకుంటుంది.

కొట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: "ఇది ఎంత స్పీడు కొడతాది బాబూ?" కొట్టువాడు కూడా ఆ అంకె కోసమే కాచుకుని ఉంటాడు. గంటకు 400 కిలోమీటర్లు అంటాడు. తుపాను గాలి కంటే ఎక్కువన్నమాట! 2018 అక్టోబరులో తిత్లీ గాలి చూసినవాళ్లం కాబట్టి ఆ మాటకు మనం ఇట్టే పడిపోతాం. ఇక్కడే ఆగాలి. ఆకును కదిలించేది వేగం ఒక్కటే కాదు, ఎంత గాలి వస్తోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సైకిల్ పంపు గొట్టం చివర గాలి ఎంత జోరుగా వచ్చినా దాంతో వాకిలి ఊడవలేం కదా.

చిన్న లెక్క చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. ఒక మిషన్ గంటకు 400 కిలోమీటర్ల వేగంతో గాలి వదులుతుంది, కానీ గంటకు 700 ఘనపు మీటర్ల గాలే. ఇంకో మిషన్ వేగం 288 కిలోమీటర్లే, గాలి మాత్రం 1500 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. అంటే రెండో మిషన్ సెకనుకు అర కిలో గాలిని, సెకనుకు 80 మీటర్ల వేగంతో విసురుతోంది. అర కిలోను 80తో గుణిస్తే 40. ఇది 40 న్యూటన్ల తోపు, అంటే గాలి తోసే బలం; న్యూటన్ అన్నది బలానికి కొలత. నాలుగు కిలోల బరువును పట్టి నిలపగల బలం అది. మొదటి మిషన్‌కు ఇదే లెక్క వేస్తే 26 న్యూటన్లే వస్తుంది. స్పీడు ఎక్కువన్న మిషనే మూడోవంతుకు పైగా బలహీనమన్నమాట.

కాబట్టి కాగితం మీద న్యూటన్ల అంకె ఉందేమో చూడండి. పేరున్న కంపెనీలు ఇస్తాయి. 65 సీసీ ఇంజిన్‌తో వచ్చేవాటికి 30 న్యూటన్ల దరిదాపుల్లో, 75 నుంచి 80 సీసీ ఉన్నవాటికి 40, ఆ పైన ఉంటుంది. న్యూటన్లు రాయకపోతే గాలి పరిమాణం, వేగం రెండూ అడిగి పైలెక్క మీరే వేసుకోవచ్చు. గాలి పరిమాణం సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఇన్ని ఘనపు అడుగులు అనే కొలతలో చెబితే దాన్ని 1.7తో గుణించండి, గంటకు ఘనపు మీటర్లు వస్తాయి. కొన్ని కంపెనీలు గొట్టం తగిలించకముందు, ఫ్యాన్ దగ్గర కొలిచిన గాలిని అచ్చేస్తాయి. గొట్టం చివరకు వచ్చేసరికి అది తగ్గిపోతుంది. "గొట్టం చివర ఎంత?" అని అడిగితే కొట్టువాడు మీ వంక ఒకసారి తేరిపార చూస్తాడు. చూడనివ్వండి.

అందరికీ 40 న్యూటన్లు కావాలని నేను అనను. పొడి జీడాకుకు 30 చాలు. మామిడి, పనస, బాదం ఆకులు దళసరిగా ఉంటాయి, మంచుకు తడిసి నేలకు అతుక్కుంటాయి. పెద్ద ఆవరణలో వాటిని వంద అడుగులు తోసుకుపోవాలంటే ముందు కుప్ప బరువెక్కుతుంది, అక్కడ పెద్ద మిషన్ కావాలి. సరుగుడు తుక్కు మరీ మొండిది. సూదుల్లాంటి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని చాపలా తయారవుతాయి. అయితే ఆ తుక్కును పొయ్యిలోకి ఏరుకుపోయేవాళ్లు ఊళ్లో ఉంటే, మిషన్ కొనకుండా వాళ్లను రమ్మనడమే నయం. కొబ్బరి మట్టలు ఏ బ్లోయరుకూ లొంగవు, వాటిని చేత్తో ఈడ్చాల్సిందే.

జీడితోటలో ఇంకో సూక్ష్మం ఉంది. పిక్క రాలుతున్న రోజుల్లో కూడా ఊదవచ్చా అని అడుగుతారు. ఊదవచ్చు, పూర్తి రేజులో, అంటే ఇంజిన్‌ను పూర్తి జోరు మీద పెట్టి మాత్రం కాదు. పిక్క ఐదారు గ్రాములు ఉంటుంది, గట్టిగా, చిన్నగా. ఎండుటాకు తేలిక, వెడల్పు ఎక్కువ. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గర పడి, పొట్టు దూరంగా పోయేది ఈ తేడా వల్లనే. రేజు సగానికి దించి, గొట్టాన్ని నేలకు ఏటవాలుగా పట్టుకుంటే ఆకు లేచిపోతుంది, పిక్క ఉన్నచోటే ఉంటుంది. అందుకే రేజును సన్నసన్నగా పెంచుకోగలిగి, ఒకచోట నిలిపి ఉంచే పిడి ఉన్న మిషన్ తీసుకోండి. నొక్కితే పూర్తి, వదిలితే సున్నా అన్నట్టుండేది జీడితోటకు పనికిరాదు. బస్తాకు 80 కిలోలు తూచి అమ్ముకునే పిక్కల్ని పక్కవాడి తోటలోకి ఊదుకోవడం ఎవరికి ఇష్టం?

జీడికి పట్టే టీ దోమ అనే పురుగుకు మందు కొట్టే మిస్ట్ బ్లోయరు, అంటే గాలితో మందును తుంపరగా చల్లే మిషన్, చాలామంది రైతుల దగ్గర ఉంది. "మందు పోయకుండా ఉత్త గాలి వదిలితే సరిపోదా?" అంటారు. చిన్న తోటకు సరిపోతుంది, కొత్తది కొనేముందు దాంతో ఒక పూట ఊది చూడమనే నేనూ చెబుతాను. కాకపోతే గొట్టంలో పాత మందు పొడి అంటుకుని ఉంటుంది, అది ధూళితో కలిసి మొహం మీదకే వస్తుంది. ముందు కడిగి ఆరబెట్టాలి. పైగా దాని ఖాళీ ట్యాంకు బరువు ఊరికే మోయాలి.

మిషన్ ఎంచుకున్నాక కొట్లోనే వీపుకు తగిలించుకుని చూడండి. ఉత్తది కాదు, ట్యాంకు నింపించి. నడుము పట్టీ ఉందా? భుజం పట్టీలు మెత్తగా ఉన్నాయా, లేక గంట తర్వాత కోసుకుపోయేలా ఉన్నాయా? మిషన్‌కూ వీపు పలకకూ మధ్య అదురు తీసుకునే రబ్బర్లో స్ప్రింగులో ఉన్నాయా? మిషన్ నడిపే మనిషి వేరే అయితే కొట్టుకు అతన్నే తీసుకెళ్లండి. యజమాని ఆరడుగులు, పనివాడు ఐదడుగులు అయితే పట్టీ ఎవరికి సరిపోవాలో వేరే చెప్పక్కర్లేదు. స్టార్టరు తాడు కూడా అతని చేతే లాగించండి. ఇంకో సంగతి, 40 న్యూటన్ల గాలి ముందుకు పోతుంటే అంతే బలంతో గొట్టం చేతిని వెనక్కి నెడుతుంది. కొన్ని మిషన్లలో గొట్టం అమరిక వల్ల ఆ నెట్టుడు మణికట్టు మీద పడుతుంది, మంచి మిషన్లలో వీపు మీదకు పోతుంది. ఇది కాగితంలో ఉండదు, చేత్తో పట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇక పెట్రోలు. నా దగ్గరకు వచ్చే మిషన్లలో ఎక్కువ భాగం పాడయ్యేది దీనివల్లే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిస్తాను. వీటిలో ఎక్కువగా ఉండేవి టూ స్ట్రోక్ ఇంజిన్లు. ఆయిల్ పెట్రోలులోనే కలపాలి. మాన్యువల్‌లో 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 40కి 1 అని ఉంటే 25. మూతతో కొలిచి ఉజ్జాయింపుగా పోస్తే కుదరదు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి, పొగ కక్కుతూ, సైలెన్సరు మూసుకుపోతుంది. మందుల షాపులో దొరికే సిరంజి ఒకటి ఆయిల్ డబ్బాకు కట్టి ఉంచుకోండి, అంతకంటే మంచి కొలత లేదు. ట్యాంకులో పెట్రోలు పోసి, పైన ఆయిల్ వంచి, మిషన్‌ను ఊపడం కాదు. వేరే డబ్బాలో కలిపి, బాగా కుదిపి అప్పుడు పోయాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. చాలా కంపెనీల మాన్యువళ్లు ఇలాంటి చిన్న ఇంజిన్లకు 10 శాతం మించొద్దంటాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, మనదేమో సముద్రపు గాలి. వాడకుండా నెలల తరబడి ఉంచితే కార్బొరేటరులో జిగురు పేరుకుంటుంది, లోపలి డయాఫ్రమ్ అనే పల్చటి రబ్బరు పొర గట్టిపడుతుంది. కాబట్టి కొనేటప్పుడే మీ మిషన్‌కు 20 శాతం పెట్రోలు పనికొస్తుందో లేదో అడిగి, మాన్యువల్‌లో చూపించమనండి. ఆ పూటకు కావలసినంతే కలపండి. సీజన్ అయిపోయాక ట్యాంకు వంపేసి, మిషన్ దానంతటది ఆగేదాకా నడిపి, అప్పుడు మూలన పెట్టండి. వచ్చే ఏడు మొదటి రెండు లాగుళ్లకే అందుకుంటుంది.

ఉద్దానం ఇసుకనేల, అక్కడ గాలి ఫిల్టరు పని రెట్టింపు. పూట పూటకూ విప్పి దులపాలి. కాగితం ఫిల్టరయితే ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోండి.

ఈ మిషన్ల చప్పుడు నడిపేవాడి చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటల దాకా పనిచేయవచ్చని, ఆ పైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగం అవుతుందని అమెరికాలో వృత్తి ఆరోగ్య నిపుణులు పెట్టుకున్న హద్దు. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. చెవులకు ఇయర్ మఫ్, కళ్లకు అద్దాలు, ముక్కుకు మంచి మాస్కు, కాళ్లకు బూట్లు లేకుండా మనిషిని తోటలోకి పంపకండి. బూట్లు ఎందుకంటే ఆకు కింద కట్లపాము, రక్తపింజర ఉండవచ్చు. పిల్లలనూ పశువులనూ 15 మీటర్ల దూరంలో ఉంచండి. నీళ్లు తాగుతూ, నీడపట్టున ఆగుతూ పని చేయమనండి. ఉద్దానంవాళ్లకు ఎండా దాహం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది!

బ్యాటరీ బ్లోయర్లు కూడా వచ్చాయి. చప్పుడు తక్కువ, పొగ లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, 2024 జనవరి నుంచి తయారైన కొత్త పెట్రోలు బ్లోయర్లను అమ్మకూడదని నిబంధన పెట్టారు. అక్కడి గాలి నాణ్యత సంస్థ లెక్కలో, పెద్ద పెట్రోలు బ్లోయరు ఒక గంటలో వదిలే, పొగమంచు పుట్టించే కాలుష్యం కారు సుమారు 1,770 కిలోమీటర్లు తిరిగితే వచ్చేదానికి సమానం. ఆసుపత్రి, బడి ఆవరణలకు నేను బ్యాటరీదే చెబుతాను. ఐదెకరాల తోట మధ్యలో మాత్రం పూర్తి రేజులో ఛార్జి త్వరగా అయిపోతుంది, రెండో బ్యాటరీ ధర విని గుండె జారుతుంది.

ఊదే వేళ కూడా చూసుకోవాలి. తీరప్రాంతంలో మామూలుగా పొద్దున్న గాలి నేలవైపు నుంచి సముద్రం మీదకు పోతుంది, మధ్యాహ్నానికి తిరగబడుతుంది. గాలి ఎటు పోతే ఆకునూ అటే తోలండి, ఎదురు తోలితే పెట్రోలు దండగ. మంచు ఆరాక, తొమ్మిది దాటాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించండి. కుప్ప మీదకు నేరుగా కొడితే ఆకు చెదిరిపోతుంది. గొట్టం నేలకు దగ్గరగా, అటూ ఇటూ ఊపుతూ, ఆకు కిందకు గాలి దూరేలా నడవాలి. చివర బరకం పరిచి దానిమీదకు తోస్తే, నాలుగు కొసలూ పట్టి ఇద్దరు మోసుకుపోవచ్చు.

తోసిన ఆకును తగలబెట్టకండి. ఎండాకాలం జీడితోటలో నిప్పు ఎటు పాకుతుందో చెప్పలేం. ఇసుకనేలకు ఆ ఆకే ఎరువు, తేమ నిలిపే ఆచ్ఛాదన కూడా అదే. పిక్క రాలేచోటు, దారులు, నిప్పు దాటకుండా తోట చుట్టూ ఒక బాట శుభ్రం చేసుకుని, మిగతా ఆకును వరసల మధ్యకు చేర్చండి. ఏరుడు అయ్యాక మళ్లీ మొదళ్ల చుట్టూ పరచవచ్చు. ఇలా చేస్తే ఊదాల్సిన నేల సగానికి తగ్గుతుంది, 80 సీసీ అనుకున్నవారికి 65 సీసీ సరిపోతుందేమో కూడా చూసుకోవచ్చు.

డబ్బు కట్టేముందు చివరిగా ఒకటి అడగండి. డయాఫ్రమ్, ప్లగ్గు, ఫిల్టరు, స్టార్టరు తాడు ఈ నాలుగూ ఇప్పుడు ఇక్కడ బల్ల మీద పెట్టి చూపించగలరా అని. పలాసలోనో, టెక్కలిలోనో, విజయనగరంలోనో చూపించగలిగిన కొట్లో కొనండి. "ఆర్డరు పెడితే వస్తాదండీ" అన్నచోట మాత్రం పర్సు తీయకండి. పిక్క రాలే నెల విడిభాగం వచ్చేదాకా ఆగదు.

సెలవు, నమస్కారం.