జీలకర్ర బెల్లం దగ్గర ఆగిన పెళ్లి: కంప్యూటర్ నుంచి టీవీకి వీడియోలు, ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ ఆదివారం మన అతిథి ఇరవై ఏళ్లుగా హనుమకొండలో కంప్యూటర్లు బాగు చేస్తున్న మనిషి. ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న వీడియోలను హాల్లో టీవీ మీద చూడటం గురించి ఈయనను అడగొచ్చు. లైన్లు ఇప్పటికే మోగుతున్నాయి కాబట్టి ఉపోద్ఘాతం వద్దు. హలో, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే అమ్మా. హనుమకొండ, నక్కలగుట్ట. రిటైర్డ్ లెక్చరర్‌ని. మొన్న మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి చేశాం. ఫొటోగ్రాఫర్ వీడియో మొత్తం హార్డ్ డిస్క్‌లో వేసిచ్చాడు. కంప్యూటర్ పైఅంతస్తులో ఉంటుంది, టీవీ కింద హాల్లో. వియ్యాలవారు వచ్చారు కదా అని టీవీలో పెట్టాను. జీలకర్ర బెల్లం దగ్గర ఆగిపోయింది సార్. గుండ్రం తిరుగుతూనే ఉంది.

యాంకర్: ముహూర్తం దాటిపోయుంటుంది సార్.

కాలర్: దాటింది, మా వియ్యంకుడికి నిద్ర కూడా పట్టింది.

అతిథి: మాస్టారూ, టీవీలో మీ కంప్యూటర్ పేరు కనిపిస్తోందా?

కాలర్: కనిపిస్తోంది. మా అల్లుడు విండోస్‌లో మీడియా స్ట్రీమింగ్ అని ఏదో ఆన్ చేసి వెళ్లాడు.

అతిథి: అయితే సగం పని అయినట్టే. కంప్యూటర్‌లోని వీడియోను ఇంటి నెట్‌వర్క్ మీదుగా టీవీకి పంపే దాన్ని డీఎల్ఎన్ఏ పద్ధతి అంటారు. టీవీలు, కంప్యూటర్లు చేసే కంపెనీలు కొన్ని 2003లో ఒకచోట చేరి పెట్టుకున్న ఏర్పాటు. ఆ సంఘాన్ని 2017లో మూసేశారు కానీ పద్ధతి మాత్రం టీవీల్లో ఇంకా నడుస్తోంది. సరే, ఆ ఫైలు ఎంత ఉంది? ఎంతసేపు నడుస్తుంది?

కాలర్: 60 జీబీ. రెండు గంటలు.

అతిథి: మీరు లెక్చరర్ కదా, లెక్క మీరే చేయండి. 60 జీబీని బిట్లలోకి మార్చి 7,200 సెకన్లకు పంచండి.

కాలర్: ఎనిమిదితో గుణిస్తే 480 గిగాబిట్లు... సెకనుకు 66, 67 మెగాబిట్లు.

అతిథి: అంతే. ఆ ధార రెండు గంటలూ తెగకుండా టీవీకి చేరాలి. మీ పైఅంతస్తుకూ హాలుకూ మధ్య స్లాబ్ ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై స్లాబ్ దాటి వచ్చేసరికి చాలా ఇళ్లలో 20, 30 మిగిలితే గొప్ప. పైగా కంప్యూటర్ కూడా వైఫై మీదే ఉందా?

కాలర్: అవును. రౌటర్ మెట్ల దగ్గర ఉంది.

అతిథి: అంటే ప్రతి బిట్టూ ఒకే గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తోంది. కంప్యూటర్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి మళ్లీ ఒకసారి. ఉన్న కాస్త వేగం సగమైపోతుంది.

కాలర్: నేను నెట్ ప్లాన్ 100 నుంచి 300కి పెంచాను సార్! నెట్ వాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాను.

అతిథి: పాపం, వాళ్ల తప్పేం లేదు. చెరువు అలుగు పారుతున్నా తూము సన్నగా ఉంటే పొలానికి వచ్చే నీళ్లు అన్నే కదా. అసలు మీరు ఈ వీడియోకు చెరువు నీళ్లే వాడటం లేదు. ఇంట్లో బావి నుంచి ఇంట్లో తొట్టికి తోడుకుంటున్నారు. 300 ప్లాన్‌కూ దీనికీ సంబంధం లేదు. ఒక ల్యాన్ తీగ తెచ్చి కంప్యూటర్‌ను రౌటర్‌కు కలపండి. కొన్ని వందల్లో అయిపోతుంది. కుదిరితే టీవీకి కూడా ఒకటి. నేను కూడా మా ఇంట్లో నాలుగు వేలు పెట్టి రౌటర్ మార్చాక గానీ తీగ జోలికి పోలేదు. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

యాంకర్: మరి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీకి పెడితే?

కాలర్: అదీ చేశానమ్మా. ఫైలు చాలా పెద్దది, పట్టదు అంది. పెన్‌డ్రైవ్ 128 జీబీది!

అతిథి: పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. మొత్తం ఎంత ఖాళీ ఉన్నా ఇంతే. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పడుతుంది, కానీ పాత టీవీలు కొన్ని దాన్ని చదవవు. నేనైతే ఇలా చేస్తాను. హ్యాండ్‌బ్రేక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. దాంతో 1080పీలో, సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున ఇంకో కాపీ తీయండి. రెండు గంటలకు 9 జీబీ అవుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి తయారుగా ఉంటుంది. హాల్లో సోఫాలో కూర్చుని చూస్తే మీ వియ్యంకుడికి తేడా తెలియదు. అసలు ఫైలును మాత్రం తీసేయకండి, ఇంకో హార్డ్ డిస్క్‌లో కూడా పెట్టండి. హార్డ్ డిస్క్ పోతే పెళ్లి మళ్లీ చేయలేం.

కాలర్: ఇంకొక్కటి. ఒక్కోసారి అరగంట బాగా నడిచి, ఉన్నట్టుండి కంప్యూటర్ పేరే మాయమవుతుంది.

అతిథి: అది నిద్రపోతోంది మాస్టారూ, మీ వియ్యంకుడి లాగే. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ అన్నచోట నెవర్ పెట్టండి. స్క్రీన్ ఆరిపోయినా పర్వాలేదు, కంప్యూటర్ పడుకోకూడదు.

యాంకర్: తర్వాతి కాలర్. హలో, చెప్పండి.

కాలర్: అన్నా నమస్తే, గోదావరిఖని నుంచి. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చిన, జర జల్ది అడుగుత. మా టీవీల కంప్యూటర్ కనిపిస్తనే లేదు. అన్నీ ఆన్ చేసిన.

అతిథి: తమ్ముడూ, కంప్యూటర్‌లో వైఫై పేరు మీద నొక్కితే పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఉంటాయి. ఏది ఉంది?

కాలర్: ఆగన్నా... పబ్లిక్ ఉంది.

అతిథి: ప్రైవేట్ పెట్టు. పబ్లిక్ అంటే కంప్యూటర్ తాను బస్టాండ్‌లో ఉన్నాననుకుంటుంది, ఎవరికీ మొహం చూపించదు. ఇప్పుడు టీవీలో చూడు.

కాలర్: ఇంకా వస్తలేదన్నా.

అతిథి: టీవీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ అని ఉంటుంది, నెట్‌వర్క్‌లో ఆ టీవీ ఇంటి నంబరు లాంటిది, చదువు.

కాలర్: 192.168.0.7.

అతిథి: కంప్యూటర్‌ది?

కాలర్: 192.168.1... 1.12.

అతిథి: దొరికింది. మూడో చుక్కకు ముందున్న అంకె చూడు, ఒకచోట 0, ఒకచోట 1. మీ ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నాయి, అవునా?

కాలర్: ఫైబర్ వాళ్లు ఇచ్చిన డబ్బా ఒకటి, మా అన్న కొన్నది ఒకటి.

అతిథి: రెండూ చెరో ఇల్లు పెట్టుకున్నాయి. టీవీ మీ అన్న ఇంట్లో ఉంది, కంప్యూటర్ ఫైబర్ వాళ్ల ఇంట్లో ఉంది. మధ్యలో గోడ. ఇప్పటికి రెండింటినీ ఒకే వైఫై పేరుకు కలుపు, పని అయిపోతుంది. తీరిక దొరికినప్పుడు రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టుకో, అప్పుడు ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్. ఇంకో మాట, గెస్ట్ వైఫైకి మాత్రం కలపొద్దు. అందులో ఉన్నవి ఒకదానికొకటి కనిపించకుండా చాలా రౌటర్లు అడ్డం పెడతాయి.

కాలర్: వచ్చిందన్నా! మా పోరడి బర్త్‌డే వీడియో కనిపిస్తుంది.

యాంకర్: ఇక పడుకోండి తమ్ముడూ. హలో, మహబూబాబాద్ నుంచి ఎవరో అమ్మ.

కాలర్: అమ్మా, మా మనుమడు దినాం కంప్యూటర్ల నుంచి టీవీల బొమ్మలు పెట్టుకుంటడు. డేటా అయిపోదా?

అతిథి: అవదమ్మా. కంప్యూటర్‌లో ఉన్న వీడియో ఇంట్లోనే తిరుగుతుంది, బయట నెట్ చుక్క కూడా ఖర్చు కాదు. నెట్ పోయిన రోజు కూడా నడుస్తుంది, రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు. యూట్యూబ్ పెట్టుకుంటే మాత్రం అది బయటి నుంచే వస్తుంది.

కాలర్: గట్లనా. మరి ఊకే వాణ్ని తిడుతున్న.

యాంకర్: వాట్సాప్‌లో ఒకరు జనగామ నుంచి రాశారు. తెలుగు సబ్‌టైటిల్ పెడితే టీవీలో అన్నీ డబ్బాలే కనిపిస్తున్నాయట.

అతిథి: ఆ సబ్‌టైటిల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, సేవ్ యాజ్ దగ్గర ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 పెట్టి సేవ్ చేయండి. అయినా డబ్బాలే వస్తే టీవీలో తెలుగు ఫాంట్ లేదు. కొన్ని టీవీలు ఇంకో వింత చేస్తాయి. అక్షరాలు చూపిస్తాయి కానీ వత్తులు పక్కన విడివిడిగా పడేస్తాయి, ‘అమ్మ’ కాస్తా రెండు ముక్కలవుతుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్‌లో సబ్‌టైటిల్‌ను బొమ్మ మీదే ముద్ర వేసేయడం ఒక దారి. బర్న్ ఇన్ అని ఉంటుంది.

యాంకర్: కరీంనగర్ కాలర్, చెప్పండి.

కాలర్: సార్, బొమ్మ సూపర్. సౌండ్ లేదు. అన్ని సినిమాలకూ కాదు, కొన్నింటికే. అవే ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో పెడితే సౌండ్ వస్తుంది.

అతిథి: ఆ సినిమాలు ఎంకేవీ ఫైళ్లేనా?

కాలర్: అవును సార్. మా దోస్త్ హార్డ్ డిస్క్‌లోంచి...

అతిథి: ఎక్కడివో నేను అడగలేదు, మీరు చెప్పొద్దు. సొంతంగా కొన్న డిస్క్‌లవి, మీరు తీసినవి అయితేనే నాకు సలహా ఇవ్వడానికి మనసొప్పుతుంది. అలాంటివే అనుకుని చెబుతున్నా. ఎంకేవీ అంటే టిఫిన్ క్యారియర్ లాంటిది. బొమ్మ ఒక గిన్నెలో, సౌండ్ ఒక గిన్నెలో, సబ్‌టైటిల్ ఇంకో గిన్నెలో. మీ టీవీ బొమ్మ గిన్నె తెరవగలుగుతోంది, సౌండ్ గిన్నె మూత రావడం లేదు. ఆ సౌండ్ డీటీఎస్ అనే రకం అయి ఉంటుంది. దానికి లైసెన్స్ రుసుము కట్టాలి కాబట్టి చాలా టీవీల్లో పెట్టరు. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ దాదాపు దేన్నైనా తెరుస్తుంది.

కాలర్: మరి టీవీ మార్చాలా?

అతిథి: వద్దొద్దు. మీది ఆండ్రాయిడ్ టీవీనా? అయితే టీవీలోనే వీఎల్‌సీ యాప్ వేసుకోండి. లోకల్ నెట్‌వర్క్ అన్నచోట మీ ల్యాప్‌టాప్ కనిపిస్తుంది, అందులోంచి నడపండి. ఆండ్రాయిడ్ కాకపోతే ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ అనే ఉచిత సర్వర్ పెట్టుకోండి. అది బొమ్మను ముట్టుకోకుండా సౌండ్ ఒక్కటే టీవీకి అర్థమయ్యే ఏఏసీలోకి మార్చి పంపగలదు. సౌండ్ మార్చడం పాత ల్యాప్‌టాప్‌కు కూడా తేలికే.

కాలర్: బొమ్మ కూడా మారిస్తే?

అతిథి: అక్కడే ప్రాణం పోతుంది. హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన 4కే బొమ్మను అప్పటికప్పుడు మార్చాలంటే పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ పిండి గిర్నీలా మోగుతుంది, బొమ్మ మాత్రం ఆగి ఆగి వస్తుంది. జెల్లీఫిన్ డాష్‌బోర్డ్‌లో డైరెక్ట్ ప్లే అని చూపిస్తే ఏమీ మార్చడం లేదని అర్థం. ట్రాన్స్‌కోడ్ అని ఉంటే ఏది మారుస్తోందో, ఎందుకు మారుస్తోందో కూడా అక్కడే రాసి ఉంటుంది. చాలామంది అది చదవకుండా నా దగ్గరికి తెస్తారు. నేను చదివి డబ్బులు తీసుకుంటాను.

యాంకర్: సార్, ఇది అందరూ వింటున్నారు.

అతిథి: వింటే విననీ.

యాంకర్: చివరి కాల్. పరకాల నుంచి.

కాలర్: అన్నా, నమస్తే. మా పెళ్లి 1994లో. క్యాసెట్‌ను తర్వాత ఒకతను డీవీడీ చేసిచ్చిండు. మా బాబు దాన్ని కంప్యూటర్ల ఎక్కించిండు. టీవీల పెడితే మనుషులు కదిలినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలెక్క చీలుతున్నయి. ఒక్కో ముక్క అయిపోంగనే ఆగుతది కూడా.

అతిథి: అక్కా, ముక్కల సంగతి ముందు. డీవీడీలో వీడియోను 1 జీబీ ముక్కలుగా కోసి పెడతారు. మేక్‌ఎంకేవీ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, డీవీడీ పెడితే ముక్కలన్నీ కలిపి ఒకటే ఫైలు చేస్తుంది. ఇక దువ్వెన పళ్లు. ఆ రోజుల్లో మన టీవీలకు బొమ్మను సగం సగంగా పంపేవారు. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి, అలా సెకనుకు 50 సగాలు. పాత డబ్బా టీవీ వాటిని వరసగా గీసేది కాబట్టి కంటికి తెలిసేది కాదు. ఇప్పటి టీవీకి రెండు సగాలూ ఒకే బొమ్మగా చేరితే, మధ్యలో మనిషి కదిలిన మేర పళ్లు పళ్లుగా కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్‌లేస్ అని ఫిల్టర్ ఉంది, అది పెట్టి కాపీ తీయమనండి మీ బాబును.

కాలర్: బొమ్మ మసక మసకగ కూడా ఉందన్నా. మా అత్తమ్మ బతుకమ్మ పాట పాడింది అందులో, మొహం సరిగ కనిపించదు. ఆమె పోయి ఆరేండ్లయింది.

అతిథి: డీవీడీ చేసినప్పుడు బాగా కుదించి ఉంటే అందులోంచి మళ్లీ రాబట్టలేం. అసలు క్యాసెట్ ఉందా?

కాలర్: ఉంది. బీరువాల చీరల కింద.

యాంకర్: అక్కా, ఒక్క నిమిషమే ఉంది మనకు.

కాలర్: ఆగుండ్రి, తెస్త.

యాంకర్: ...బీరువా చప్పుడు వినిపిస్తోంది.

కాలర్: తెచ్చినన్నా.

అతిథి: చిన్న అద్దం కిటికీలోంచి చుట్ట కనిపిస్తుంది చూడండి. వెలుతురులో పెట్టి చూడండి. నల్లగా నున్నగా ఉందా?

కాలర్: కుడిదిక్కు నల్లగనే ఉంది. ఎడమదిక్కు అంచుకు తెల్లగ, పిండి చల్లినట్టు ఉంది.

అతిథి: అది బూజు. అక్కా, దాన్ని ఏ వీసీఆర్‌లోనూ పెట్టకండి. ఎవరైనా ఒక్కసారి నడిపి చూద్దాం అన్నా ఇవ్వకండి. బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, టేపు తెగినా తెగుతుంది. చేత్తో కూడా తిప్పొద్దు. ఎండలో పెట్టొద్దు. డబ్బాలో నిలబెట్టి, బీరువాలో కాకుండా పొడిగా గాలి తగిలేచోట ఉంచండి. బూజు తుడిచి టేపు ఎక్కించేవాళ్లు వేరే ఉంటారు. కార్యక్రమం అయ్యాక లైన్‌లోనే ఉండండి, ఎవరిని అడగాలో చెబుతాను.

కాలర్: పాట వస్తదా అన్నా?

అతిథి: తెల్లదనం అంచు వరకే ఉంటే రావచ్చు. లోపలి దాకా పోయిందో లేదో తెరిచి చూసినవాళ్లే చెప్పాలి. లైన్ పెట్టేయకండి.