నడుస్తూనే ఉన్న పులి: జూ జంతువుల ప్రవర్తనపై ఒక చర్చ

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చ ఇది. పాల్గొన్నవారు: ఒక పశువైద్యురాలు, జూలో కీపరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన, కోనసీమలో జీవశాస్త్రం బోధించే ఒక ఉపాధ్యాయుడు.)

సమన్వయకర్త: నమస్కారం. సంక్రాంతి సెలవులు వస్తే కాకినాడ నుంచీ అమలాపురం నుంచీ ఎన్నో కుటుంబాలు విశాఖ జూకు బయలుదేరుతాయి. కంబాలకొండ అడవి పక్కన 1977లో తెరిచిన జూ అది. మనం చూసి సాయంత్రానికి తిరుగు బస్సెక్కుతాం, జంతువులు అక్కడే ఉంటాయి. ఈ రోజు మాట వాటి గురించి. మాస్టారూ, మీతో మొదలుపెడదాం.

ఉపాధ్యాయుడు: ఏటా పిల్లల్ని ఏదో ఒక జూకు తీసుకువెళ్తానండి. పోయినసారి ఒకచోట పులి ముందు నిలబడ్డాం. కంచె వెంట నడుస్తోంది. మూలకు వచ్చి తల పైకెత్తి, తిప్పి, వెనక్కి. మళ్లీ అదే మూల, అదే తల తిప్పడం. పిల్లలు నవ్వారు. ఆరో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై దగ్గర ఆపి, ‘మాస్టారూ, దానికేమైనా పోయిందా? వెతుక్కుంటోందా?’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

కీపరు: మూల దగ్గర నేల చూశారా? అక్కడ గడ్డి మొలవదు. జానెడు వెడల్పున బాట పడిపోతుంది. అడుగు వేసిన చోటే మళ్లీ అడుగు వేస్తుంది. గచ్చు నేలైతే కాలి మెత్తలు ఒరుసుకుపోతాయి. పొద్దున్నే గేటు తీయగానే ముందు పాదాలు చూసుకునేవాళ్లం.

వైద్యురాలు: ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా గొప్పది. దాన్ని వ్యాయామం అనుకుంటే పొరపాటు. ప్రయోజనం లేని ఒకే కదలికను పదే పదే చేయడం అది. ఏనుగు నిలబడ్డచోటే ఊగుతుంది, చిలుక తన ఈకలు తానే పీక్కుంటుంది. మేత వేళ దగ్గరపడితే ఏ జంతువైనా కాస్త అటూ ఇటూ తిరుగుతుంది, దానికి భయపడనక్కర్లేదు. రోజంతా తిరిగితేనే ఆలోచించాలి. ఇంకో సంగతి, ఈ అలవాటు ఒకసారి ముదిరితే మంచి ఆవరణలోకి మార్చినా పూర్తిగా పోకపోవచ్చు. అంటే మనం చూస్తున్నది ఇవాళ్టి బాధే అనుకోలేం, ఎప్పుడో పడిన బాధ తాలూకు మచ్చ కూడా కావచ్చు.

సమన్వయకర్త: కడుపునిండా మాంసం, పక్కనే వైద్యులు. ఇంకేం కావాలి అనేవాళ్లూ ఉన్నారు.

వైద్యురాలు: మన గేదెనే తీసుకోండి. పచ్చగడ్డి, తవుడు, తెలకపిండి అన్నీ పెట్టి, వేసవిలో చెరువులో మాత్రం దిగనివ్వకండి. దాని చర్మంలో చెమట గ్రంథులు తక్కువ, నల్లటి ఒళ్లు ఎండను పట్టేస్తుంది. నీళ్లలో దిగాలి, బురద పూసుకోవాలి. ఆ సంగతి ఏ రైతుకూ చెప్పనక్కర్లేదు. పులి చెరువు ఏమిటో, ఎలుగుబంటి బురద ఏమిటో తెలుసుకోవడమే జూ వైద్యం.

ఉపాధ్యాయుడు: జాగా పెంచితే సరిపోతుందా?

వైద్యురాలు: కొన్నింటికి జాగా పెద్ద సమస్యే. రాస్ క్లబ్, జార్జియా మేసన్ అనే పరిశోధకులు 2003లో నేచర్ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే మాంసాహారి అయితే, బోనులో అంత ఎక్కువగా ఇలా పచార్లు చేస్తుందనీ, దాని పిల్లలు అంత ఎక్కువగా చనిపోతాయనీ తేల్చారు. ధ్రువపు ఎలుగుకు జూలలో దొరికే చోటు బయట ప్రకృతిలో దాని కనీస పరిధిలో పది లక్షల్లో ఒక వంతట. అలాంటి వాటిని అసలు ఉంచకపోవడమే మేలని నా అభిప్రాయం.

కీపరు: అమ్మా, ఒక్క మాట. అన్నింటినీ వదిలేయడం కుదరదు. సర్కసుల్లో పులులను, సింహాలను ఆడించకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ తరువాత వాటిలో కొన్నింటిని విశాఖ, తిరుపతి పునరావాస కేంద్రాల్లో ఉంచారు. వేట తెలియనివి, అడవి ఎరగనివి. వాటిని ఎక్కడికి పంపుతాం? చూసుకోవాల్సింది మనమే.

వైద్యురాలు: ఆ మాట ఒప్పుకుంటాను.

కీపరు: ఇక చేతిలో ఉన్న పని చెబుతాను. మన ఎలుగుబంటికి పైదవడలో మధ్య పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను ఊదుకుంటూ పీల్చుకుంటూ తింటుంది. అడవిలో రాత్రంతా పుట్టలు తవ్వే జంతువు. మేము గిన్నెలో జావ పోస్తే అయిదు నిమిషాల్లో నాకేసేది. మిగతా రోజంతా ఏం చేయాలి? తల ఊపుతూ కూర్చునేది. ఒకరోజు తాటిమొద్దు తెప్పించి, బరమాతో లోతుగా కన్నాలు వేసి, తేనె పూసి లోపల పడేశాం. చుట్టూ తిరిగింది, గోళ్లతో గీరింది, మూతి ఆనించి పీల్చింది. ఆ చప్పుడు గోడ అవతలికి వినిపించింది! మధ్యాహ్నం దాకా మొద్దును వదల్లేదు. ఆ పూట తల ఊపలేదు. అంత ఖర్చులేని పని అన్నేళ్లు ఎందుకు చేయలేదా అని ఇప్పటికీ బాధపడతాను.

సమన్వయకర్త: యానాం దగ్గర నుంచి ఒకరు ఫోనులో అడుగుతున్నారు. కోరింగ మడ అడవిలోని బావురు పిల్లి ఎవరికీ కనిపించదు కదా, ఇక్కడే చిన్న జూ కట్టి పిల్లలకు చూపించకూడదా అని.

ఉపాధ్యాయుడు: చూపించాలని నాకూ ఉందండి.

వైద్యురాలు: అది ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. ఒడ్డున ఓపికగా కూర్చుని, పంజాతో నీళ్లు కదిపి, చేప కనబడితే దూకుతుంది. మీ పిల్లలు వచ్చేది పగలు పదకొండింటికి. అప్పుడది పొదలో పడుకోవాలి. దాక్కునే చోటు లేకుండా కడితేనే మీకు కనిపిస్తుంది. పొలంలో కొంగను చూడండి. ట్రాక్టరు వెనకే నడుస్తుంది, కొత్త మనిషి కొంత దూరానికి రాగానే ఎగిరిపోతుంది. స్విట్జర్లాండ్‌లో జూలు నడిపిన హైని హెడిగర్ గత శతాబ్దంలోనే దీని గురించి రాశారు. ప్రతి జంతువుకూ పారిపోయే దూరం ఒకటి ఉంటుందన్నారు. జూలో ఆ దూరం లేకుండా చేయడమే పెద్ద హింస అని నేను నమ్ముతాను. బావురు పిల్లికి కోరింగలో పోటూ పాటూ ఉన్నాయి, మడ వేళ్లు ఉన్నాయి. డబ్బు పెట్టాలంటే అక్కడ పెడదాం.

సమన్వయకర్త: మరి జూకు వెళ్లేవారు ఏం చేయాలి?

కీపరు: అరవకండి, అద్దం కొట్టకండి, అరటిపళ్లు విసరకండి. జంతువు కనిపించలేదని కీపరును తిట్టకండి, అది లోపల హాయిగా పడుకుందని అర్థం. జూకు సెలవు రోజున జనం లేనప్పుడు వెనకనుంచి జింకలు కంచె దాకా వచ్చేవి. ఆదివారం ఒక్కటీ వచ్చేది కాదు.

ఉపాధ్యాయుడు: ఈసారి నలభై ఆవరణలూ చుట్టించను. మూడు చోట్లే, ఒక్కోచోట అరగంట. పిల్లలు పుస్తకంలో రాసుకుంటారు, జంతువు ఏం చేసింది, ఎన్నిసార్లు చేసింది అని. ఆ అమ్మాయి లెక్క అక్కడి నుంచి కొనసాగిస్తాం.

కీపరు: సోమవారం రాకండి, విశాఖ జూకు సెలవు. మిగతా ఏ రోజైనా గేటు తీసేసరికి రండి. ముందు ఎలుగు దగ్గరికి వెళ్లండి.